తాళం లేని ఊళ్ళో తాళపత్రాలు

శుక్రవారం తెల్లవారి ముఖం కడుక్కునే సరికే రాజారాంకు ఆనాటి పనంతా మనసులో కుదిరిపోయింది. బోధన్ బస్సెక్కడం, అక్కణ్ణుంచి నాగుపల్లెకు నడవడం, ఈరవ్వ ఇంటి అటక మీదున్న పుస్తకం తీసుకోవడం, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ నిజామాబాద్‌లో ఉండడం. ఇంత చిన్న పనికి మనిషి బుర్రలో కాస్త తెలివి, కాళ్ళలో కాస్త బలం ఉంటే చాలు. రాజారాంకు కాళ్ళలో బలం ఉంది.

అతను కచేరీ ముందు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడు. పగలంతా ఉర్దూలో ఊరివాళ్ళ కష్టాలు రాసి రాసి వేళ్ళు కందిపోతే, పొద్దుగూకాక తెలుగు మాట్లాడి సేదతీరేవాడు. ఆ తెలుగు నలుగురూ మాట్లాడేది కాదు. దాహమైతే 'శీతలోదకము' అడిగేవాడు. ఇంట్లోవాళ్ళకు అలవాటైపోయింది గానీ, చుట్టాలిళ్ళకు వెళ్ళినప్పుడు అదేదో మందు పేరనుకుని తమ ఇంట్లో లేదని చెప్పేవారు.

పసుపు వ్యాపారి లింబయ్య తన దుకాణం పక్క గది ఒకటి ఊరికే ఇస్తే, రాజారాం అందులో తెలుగు పుస్తకాలు సర్ది చదువుల గది తెరిచాడు. పెళ్ళాం పిల్లల తర్వాత ఈ లోకంలో అతను ప్రాణం పెట్టుకున్నది ఆ గది మీదే. నిజం చెప్పాలంటే ఆ వరుస కూడా అప్పుడప్పుడు మారుతుండేది. చదవడానికి వచ్చేవాళ్ళు మాత్రం తక్కువ. ఎండవేళ పత్రిక ముఖం మీద కప్పుకుని కునుకు తీసేవాళ్ళే ఎక్కువ. ఇలా ఉండగా బీడీలు చుట్టించే ఠేకేదారు ఒకడు ఆ గది మీద కన్నేశాడు. తనకిస్తే కిరాయి ఇస్తానని లింబయ్య చెవిలో వేశాడు.

సరిగ్గా ఆ సమయంలోనే రాజారాం భార్య సుమిత్రమ్మ మాటవరసకు ఒక సంగతి చెప్పింది. తన పుట్టింటివాళ్ళ ఊళ్ళో ఈరవ్వ అని చిన్నమ్మ వరుస ముసలామె ఉందట. ఆమె అటక మీద ఎవరూ చదవని తాతలనాటి తాటాకుల పుస్తకం ఉందట. రాజారాంకు ఒళ్ళు పులకరించింది. ఎప్పుడో ఎవరో కవి పాటుపడి రాసుకున్న కావ్యం, లోకం మరచిపోయింది, తన కోసం అటకెక్కి కూర్చుంది. వెంటనే హైదరాబాదులోని ఒక పెద్ద పండితుడికి, ఆచార్యులవారికి, ఉత్తరం రాశాడు. 'ఒక ఊరిలో అపూర్వమైన ప్రాచీన గ్రంథమొకటి ఉన్నదట' అని రాయవలసిన చోట ఆవేశంలో 'మా గదిలో ఉన్నది' అని రాశాడు. ఆదివారం వస్తున్నాను, చూపించండి అని ఆచార్యులవారు జవాబిచ్చారు. ఈ సంగతి తెలిసి లింబయ్య తన తీర్పు తానిచ్చేశాడు.

"గంత పెద్దమనిషి అచ్చి మెచ్చుకుంటే గది నీదే, రాజారాం. లేకుంటే సోమారం నుంచి బీడీలోల్లది. నాతోని మల్ల లొల్లి పెట్టుకోకు."

అందుకే ఈ ప్రయాణం. రాజారాం కచేరీకి వేసుకునే నల్ల షేర్వానీ తొడిగాడు, టోపీ పెట్టాడు, తోలుసంచీ చంకన పెట్టుకున్నాడు. పాతపుస్తకాన్ని తీసుకురావడానికి వెళ్ళేవాడు మర్యాదగా వెళ్ళాలని అతని అభిప్రాయం. సుమిత్రమ్మ జొన్నరొట్టెలు మూటకట్టి ఇస్తూ ఒక మాట చెప్పింది.

"ఊరోల్లతోని పెద్ద పెద్ద మాటలు మాట్లాడకుండ్రి. ఉత్తగ తాటాకుల పుస్తకం అనుండ్రి, ఇస్తరు."

రాజారాం నవ్వాడు. తాటాకు అనేది గుడిసె మీద కప్పేదనీ, గ్రంథాన్ని పట్టుకుని తాటాకు అంటే రాసినవాడి ఆత్మ నొచ్చుకుంటుందనీ, తాళపత్రం అనాలనీ ఆమెకు నచ్చజెప్పాడు. సుమిత్రమ్మ రాసినవాడి ఆత్మ సంగతి ఏమీ అనకుండా గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. శ్రావణమాసపు ముసురు అప్పటికే మొదలైంది.

బస్సులో అతని పక్కన కొమురయ్య అనే చెరుకు రైతు కూర్చున్నాడు. మంచివాడు. మంచివాళ్ళకుండే ఒకే ఒక్క జబ్బు అతనికీ ఉంది, విన్నమాట కడుపులో దాచుకోలేడు. అతని ఊరు నాగుపల్లె అని తెలిసేసరికి రాజారాంకు సంతోషమైంది. నల్ల షేర్వానీ చూసి కొమురయ్య కొంచెం ఒదిగి కూర్చుని, ఏం పని మీద వస్తున్నారని అడిగాడు.

"తాళపత్రముల కొరకు వచ్చుచున్నాను" అన్నాడు రాజారాం.

తాళపత్రమంటే తాటాకు మీద గంటంతో రాసిన గ్రంథమని రాజారాంకు తెలుసు. కొమురయ్యకు తెలిసిన తాళం సందుగకు వేసేది. తెలిసిన పత్రం భూమికి రాసేది. పైగా అది బోధన్‌లో చక్కెర కార్ఖానా పొగగొట్టం లేచిన ఏడాది. కార్ఖానా వాళ్ళు కలలో కూడా అనుకోని సంగతులు ఆ బస్సులో రోజూ నిశ్చయమైపోతుండేవి. నిన్ననే ఎవరో, చుట్టుపక్కల భూములన్నీ సర్కారు గుంజుకుని చెరుకు పెట్టిస్తుందని ప్రమాణం చేసి మరీ చెప్పారు.

"తాళం ఏసి పెట్టుకున్న పత్రాలా, అయ్యా?" అని కొమురయ్య మెల్లగా అడిగాడు.

తాళం వేసి పెట్టుకోవడమే తప్పని రాజారాం ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఒకరి ఇంట్లో మూలపడి చెదలు తినిపోవడం కన్నా పదిమందికీ చెందడం మేలు కదా అన్నాడు. ఆదివారం హైదరాబాదు నుంచి పెద్దలు వస్తున్నారనీ, అన్నీ వారి ముందు పెడతామనీ చెప్పాడు. కొమురయ్య ఇంకొంచెం ఒదిగి కూర్చున్నాడు. ఇయ్యనన్నవాళ్ళను ఏం చేస్తారని అడిగాడు.

"ఎట్లయినను ఒప్పింతుము. అవి ఒక్కరి సొత్తు కావు, జాతి సొత్తు" అన్నాడు రాజారాం ఎంతో ప్రేమగా.

ఆ తర్వాత కొమురయ్య ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తన మాటలు ఒక సామాన్య రైతును ఇంతగా ఆలోచనలో ముంచినందుకు రాజారాం మురిసిపోయాడు. బోధన్‌లో దిగాక వాన తగ్గేదాకా హోటల్లో చాయ్ తాగి, రొట్టెలు తిని, ఇంకో చాయ్ తాగాడు. కొమురయ్య వానలోనే పరుగందుకున్నాడు.

నాగుపల్లెలో అప్పుడు జరిగిన సంగతి రాజారాంకు తర్వాత గానీ తెలియలేదు. కొమురయ్య చావడి దగ్గర నిలబడి రొప్పుతూ చెప్పిన మాటకు ఊరు ఊరంతా కదిలింది. ఆడవాళ్ళు సందుగలు తెరిచి పట్టా కాగితాలు, పాత దస్తావేజులు బయటికి తీశారు. ఎక్కడ దాచాలన్నది ప్రశ్న. ఉన్నవాడి ఇల్లు సోదా చేస్తారు, లేనివాడి ఇంటివైపు ఎవరు చూస్తారని కొమురయ్యే ఉపాయం చెప్పాడు. ఊళ్ళో అందరికన్నా లేనిది ఈరవ్వ. కాలువ పక్కన ఆమెకో మడి ఉండేది గానీ, భూముల లెక్కలు రాసే పట్వారి దత్తోపంతులు ఎడ్లు దాన్ని దున్నడం మొదలుపెట్టాక ఆ మడి మెల్లమెల్లగా ఎడ్ల వెంట పంతులు ఇంటికి వెళ్ళిపోయింది. కాబట్టి ఊరి కాగితాలన్నీ ఈరవ్వ అటక మీదికి చేరాయి. చోటు చాలక అటక మీదున్న చెత్తంతా కొమురయ్య వాకిట్లో చూరు కిందికి విసిరేశాడు. తాళం కనిపిస్తే పత్రాలున్నట్టే కదా అని ఇంకెవరికో తట్టింది. అంతే, ఊళ్ళో తలుపులకూ సందుగలకూ ఉన్న తాళాలన్నీ మాయమైపోయాయి.

రాజారాం ఊళ్ళో అడుగుపెట్టేసరికి ఇళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మొదటి ఇంటి ముందు నిలబడి తాళపత్రాలున్నాయా అని అడిగితే, ఆ ఇంటామె, తమ ఇంట్లో తాళమే లేదని చేతులు తిప్పి చూపించింది. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటి ముసలాయన అడగకముందే సందుగ మూత తెరిచి, లోపలున్న తన ధోవతి దులిపి చూపించాడు. దొంగల భయం లేక తాళాలే వాడని ఊరు ఒకటి ఉందని రాజారాం అంతవరకు పుస్తకాల్లోనే చదివాడు. అతని కళ్ళు చెమర్చాయి.

ఇంతలో దత్తోపంతులు ఎదురొచ్చి వంగి దండం పెట్టాడు. జుబ్బా గుండీలు పైదొకటి కిందికి, కిందిదొకటి పైకి పెట్టుకున్నాడు. తమ ఇంట్లో ఎంగిలిపడక వీల్లేదని బతిమాలి తీసుకెళ్ళాడు. తన రాక ముందే తెలిసి పట్వారి ఎదురొచ్చాడంటే, ఈ ప్రాంతంలో సాహిత్యానికి ఎంత గౌరవం ఉందోనని రాజారాం అనుకున్నాడు. చాయ్‌తో పాటు తిన్న రొట్టెలు అప్పటికే అరిగిపోయాయి కూడా.

పంతులు భార్య రాధాబాయి గారెలకు పప్పు రుబ్బించింది గానీ పొయ్యి అంటుకోలేదు. ముసురుకు కట్టెలన్నీ నాని ఉన్నాయి. ఇల్లంతా పొగ కమ్మింది. ఎండినదేదైనా దొరికితే పట్టుకురమ్మని ఆమె పాలేరు పోశయ్యను ఊళ్ళోకి తరిమింది. ఆ పొగలో దగ్గుకుంటూ పంతులూ రాజారామూ మాట్లాడుకున్నారు.

ఎంత పాతవి కావాలని పంతులు అడిగాడు. మూడు వందల ఏళ్ళ నాటివైతే మరీ మంచిదన్నాడు రాజారాం. పంతులు తన ఇంటి దొంగరాతల లెక్క తాతతో ఆగిపోతుందనుకున్నాడు. ఇప్పుడు తాత తాతకు కూడా గండం పట్టేట్టు కనిపించింది. ఎక్కడైనా అక్షరాలు దిద్దినట్టు ఉంటే అని నసిగాడు.

"దానిని కనిపెట్టుటయే మా అసలు పని" అని రాజారాం ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "ఒకడు రాసిన దానిలో ఇంకొకడు వచ్చి దొంగచాటుగా తనది దూర్చును. చూడగానే మాకు తెలిసిపోవును."

కావ్యాల్లో తర్వాతివాళ్ళు చేర్చిన పద్యాల గురించి అతని బాధ. పంతులు ఆ పూటకు పద్యాల దాకా వెళ్ళే స్థితిలో లేడు. "తెలిసినంక ఏం చేస్తరు సర్కార్?" అని అడిగాడు.

"దూర్చినది తీసివేయుదుము. ఎవనిది వానికి అప్పగింతుము."

"దిద్దినోడు తనంతల తానే ఒప్పుకుంటే?"

అంతటి పుణ్యాత్ముడు ఇంతవరకు తనకు తగల్లేదనీ, తగిలితే అతని పేరు మొట్టమొదటి పేజీలో మెచ్చుకుంటూ రాయిస్తాననీ రాజారాం చెప్పాడు. అదే సమయానికి వంటింట్లో చిటపటమని మంట లేచింది. పొగ విరిగింది. నూనె కాగిన వాసన, ఆ వెంటనే గారెల వాసన వచ్చాయి. అటువంటి గారెలు రాజారాం జన్మలో తినలేదు. వేడివేడిగా, కరకరలాడుతూ, ఎర్రగా కాలి ఉన్నాయి. ఎన్ని తిన్నాడో లెక్కపెట్టడం మర్యాద కాదు. మంట కుదిరితేనే ఇంత రుచి వస్తుందని పంతులమ్మను పదేపదే మెచ్చుకున్నాడు. పంతులు మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

భోజనం కాగానే పంతులు అతన్ని చావడికి తీసుకెళ్ళి ఊరివాళ్ళందరినీ పిలిపించాడు. గొంతు సవరించుకుని, కాలువ పక్క మడి ఈరవ్వదేనని అందరి ముందూ చెప్పాడు.

"మా ఎడ్లు పొరపాటున దున్నుతున్నయి. గొడ్డు కదా, దానికేం ఎరుక. రేపటి సంది ఈరవ్వ మడి ఈరవ్వదే. మీరందరు సాచ్చం."

జనం నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. తన మాట చెవిన పడిందో లేదోనని పంతులు రాజారాం వైపు చూశాడు. రాజారాంకు మడి సంగతీ తెలియదు, ఎడ్ల సంగతీ తెలియదు. ఏదో ఊరి వ్యవహారం అనుకుని, మంచి పని చేశారని తల ఊపాడు. ఇక పొద్దు వాలుతోంది గనుక వచ్చిన పని చూసుకోవాలనుకున్నాడు.

"ఇక ఈరవ్వగారి ఇంటికి పోవుదము. ఆమె అటక మీద ఉన్నవని నాకు ముందే తెలియును" అన్నాడు.

పొద్దున దాచిన సంగతి ఇంత లోపల ఈయనకెట్లా తెలిసిందని జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరి చూపులూ తిరిగి తిరిగి కొమురయ్య మీద వాలాయి. తన పెళ్ళాంపిల్లల మీద ఒట్టు, తాను చెప్పలేదని కొమురయ్య ఏడుపు ముఖం పెట్టాడు. ముందు రాజారాం, వెనుక ఊరు, అన్నిటికన్నా వెనుక చేతులు నలుపుకుంటూ పంతులు, ఈరవ్వ ఇంటికి బయల్దేరారు.

ఈరవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. సన్నగా, ఎండిన చెరుకుగడలా ఉంది గానీ కదిలే మనిషి కాదని చూడగానే తెలుస్తుంది. ఊరి భూములన్నీ తన నెత్తిమీద ఉన్నాయని ఆమెకు తెలుసు. ఎవరు నువ్వని అడిగింది. సుమిత్ర భర్తనని రాజారాం చెప్పాడు. పెళ్ళినాడు బాసింగం కట్టిన ముఖం తప్ప అల్లుణ్ణి ఆమె మళ్ళీ చూడలేదు.

"మా సుమిత్ర మొగనివా?" అని దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసింది. "నీకు గీ సర్కారు నౌకరి ఎప్పుడు దొరికింది కొడుకా? దొరికి దొరికి మా మీదికే అస్తివా?"

తనకే నౌకరీ లేదనీ, కచేరీ బయట కూర్చుని అర్జీలు రాస్తాననీ రాజారాం తెల్లబోయి చెప్పాడు. వెనుక పంతులు చేతులు నలపడం ఆగిపోయింది. నమ్మాలో వద్దో తెలియక ఈరవ్వ పక్కకు తప్పుకుంది. రాజారాం నిచ్చెనెక్కి అటక మీద చెయ్యి పెట్టాడు. చేతికి కాగితాల కట్ట తగిలింది. దించి చూసి పక్కన పెట్టాడు. ఇంకో కట్ట, అదీ కాగితాలే. అలా ఊరి పట్టాలన్నీ ఒక్కొక్కటే విసుగ్గా జనం చేతుల్లోకి అందించాడు. ఎవరి కాగితాలు వాళ్ళు గుండెకు హత్తుకున్నారు.

"ఇవన్నియు కాగితములు, అత్తమ్మా. వీనితో నాకేమి పని? నాకు తాళపత్రములు కావలెను."

"గవే కదా బిడ్డ, తాళంల పెట్టుకున్న పత్రాలు."

"తాళపత్రమనగా తాళవృక్షపు పత్రము."

ఈరవ్వ జనం వైపు చూసింది. జనంలో ఎవరికీ అలాంటి చెట్టు తెలియదు. నిచ్చెన మీద నిలబడి రాజారాం తనకు తెలిసిన సంస్కృతమంతా గుర్తుచేసుకున్నాడు, ఏదీ ఉపయోగపడేలా కనిపించలేదు. చివరికి తల వంచుకుని, చిన్న గొంతుతో, "తాటాకుల పుస్తకం" అన్నాడు.

ముందు కొమురయ్య నవ్వాడు. బతికిపోయినవాడి నవ్వు అది. తర్వాత ఊరంతా నవ్వింది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఈరవ్వ మాత్రం నవ్వలేదు. వాకిట్లోకి వచ్చి అటక చెత్త పడిన చోట వెతికింది. విరిగిన చాట ఉంది, పగిలిన కుండ ఉంది, పుస్తకం లేదు. పోశయ్య జనంలోంచి కొంచెం ముందుకొచ్చి, కాస్త ఆలోచించి, మళ్ళీ వెనక్కి జరగబోయాడు. ఈరవ్వ అతని భుజం పట్టుకుంది.

"గీడ కట్టగట్టిన తాటాకులు పడి ఉండె. జూసినవా?"

"ఎండినయి కదా అని కొంటవోయిన, అవ్వా" అన్నాడు పోశయ్య నేల చూపులు చూస్తూ. "పంతులమ్మ పొయ్యి అంటుకుంటలేదని తొందర వెట్టె. గీ అయ్యకు గారెలు కాల్చింది గాటితోనే."

రాజారాం నిచ్చెన దిగి అక్కడే కూలబడ్డాడు. నోట్లో గారెల రుచి ఇంకా ఉంది, అదే అతన్ని మరీ చంపేసింది. ఎవరో ఒకప్పుడు రాత్రింబవళ్ళు కూర్చుని గంటం పట్టి గీసుకున్న అక్షరాలు. ఎన్ని వానలనో, ఎన్ని ఎలుకలనో తప్పించుకుని తన కోసం ఆగాయి. తను వచ్చి కూర్చున్నాడు, అవి బూడిదయ్యాయి, తను ఇంకో రెండు వేయించుకున్నాడు. అందులో ఏముందో ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ క్షణంలో అతని పెద్ద మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"నా పుస్తకం పాయె, అత్తమ్మా" అన్నాడు. "ఐతారం నాడు పెద్దమనిషికి ఏం జూపెట్టాలె. పుస్తకాలకు ఉన్నది గా ఒక్క గదే. అది గూడ బీడీలోల్లకు పోతది."

షేర్వానీ అంచుతో కళ్ళు తుడుచుకుంటున్న అతని చుట్టూ ఊరు మూగింది. పొద్దుటి నుంచీ అతను మాట్లాడినదాంట్లో ఆ ఊరికి అర్థమైన మొదటి మాట అదే. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు. ఈరవ్వ అతని పక్కన కూర్చుని వీపు నిమిరింది.

అందరూ అలా ఉండగా దత్తోపంతులుకు ధైర్యం వచ్చింది. సర్కారు మనిషి కాదని తేలాక చావడి దగ్గర అన్న మాటకు విలువేముందనీ, ఆ మడి సంగతి మళ్ళీ నిదానంగా మాట్లాడుకుందామనీ మెల్లగా అన్నాడు. కొమురయ్య అతని వైపు తిరిగాడు.

"ఎడ్లు పొరపాటు పడ్డయంటివి కదా పంతులూ. గొడ్డుకు పొరపాటు ఒక్కసారి అయితది. మల్లమల్ల అయితే అది గొడ్డుది కాదు."

ఊరంతా సాక్ష్యం. అదీ పంతులే పిలిపించిన సాక్ష్యం. పంతులు తన జుబ్బా గుండీలు సరిచేసుకుంటూ ఇంటిదారి పట్టాడు. ఈరవ్వ మడి ఈరవ్వకు దక్కింది. రాజారాం చీకట్లో ఇల్లు చేరి, సుమిత్రమ్మ ఏం తిన్నారని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం అతను గదిలోని పుస్తకాలు దులిపి మూటలు కట్టడం మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున ఆచార్యులవారు టాంగా దిగారు. తెల్లటి తలపాగా, మందపు కళ్ళద్దాలు. లింబయ్య కొత్త ధోవతి కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని పక్కన ఠేకేదారు కూడా నిలబడి గదిని కళ్ళతో కొలుస్తున్నాడు. రాజారాం ఆచార్యులవారిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు, విసనకర్ర ఇచ్చాడు, ఇంకేమివ్వాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడు వీధిలో బండ్ల చప్పుడైంది. ముందు బండిలో ఈరవ్వ, ఆమె ఒళ్ళో ఎర్రగుడ్డ మూట. వెనుక బండి తోలుతూ కొమురయ్య. ఆ వెనుక ఇంకా బండ్లు. నాగుపల్లె వాళ్ళే కాదు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ దిగారు. రాజారాంకు కావలసింది తాటాకుల పుస్తకాలేనని తెలిశాక ప్రతి ఇంటి చూరులోంచీ, ధాన్యపు గుమ్మి వెనుక నుంచీ, దేవుని గూట్లోంచీ ఏదో ఒకటి బయటపడింది. ఎవరికీ చదవడం రాదు, పారెయ్యడానికి చెయ్యి రాదు, అందుకని తరాల నుంచీ అలాగే పడి ఉన్నాయి. పంతులు ఇంటి నుంచి కూడా ఒక పెట్టె వచ్చింది. తనంతట తానే పంపాడని గట్టిగా చెప్పమన్నాడట.

ఆచార్యులవారు నేల మీద కూర్చుండిపోయారు. ఒక కట్ట విప్పి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఇంకోటి విప్పి మళ్ళీ తుడుచుకున్నారు. కొన్ని అందరికీ తెలిసిన పురాణాలే. ఒకటి ఎడ్ల కడుపునొప్పికి వైద్యం. ఆ వైద్యం చదువుతుంటే రైతులు ఇంకోసారి చదవమన్నారు. ఇంకొకటి మాత్రం ఎవరి పేరూ లేని కావ్యం. ఆయన నాలుగు పద్యాలు చదివి, ఇది తాను ఎక్కడా చూడలేదనీ వినలేదనీ అన్నారు. రాజారాంకు కన్నీళ్ళు వచ్చాయి. పురుగు పట్టకుండా ఆకులకు పసుపు రాయాలని ఆచార్యులవారు అనగానే, ఎంత కావాలంటే అంత తన దుకాణం నుంచి ఇస్తానని లింబయ్య అరిచినట్టే చెప్పాడు. తన వాకిట్లో ఇన్ని ఊళ్ళ పసుపు రైతులు ఒకేసారి నిలబడడం అతను ఎన్నడూ చూడలేదు. ఇది ముందు ముందు దుకాణానికి ఎంత మేలో ఒక్క చూపులో లెక్కేసుకున్నాడు. ఠేకేదారును వేరే గది చూసుకోమని అక్కడికక్కడే చెప్పేశాడు.

అంతా సద్దుమణిగాక ఆచార్యులవారు రాజారాంను దగ్గరికి పిలిచారు. తమరు ఉత్తరంలో రాసిన ఆ మొదటి గ్రంథం, అపూర్వమైనది, ఇందులో ఏదని అడిగారు. ఈరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొమురయ్య పైకప్పు వైపు చూశాడు. రాజారాం చేతులు కట్టుకుని, తనకు తెలిసిన మాటలన్నీ వెతికి, ఒక మంచి మాట పట్టుకున్నాడు.

"అది జీర్ణమైపోయిందండీ."

ఆచార్యులవారు నిట్టూర్చి, పాత గ్రంథాల గతి అంతేనని అతన్ని ఓదార్చారు. రాజారాం తన పొట్ట మీద చెయ్యి వేసుకుని నిజమేనన్నాడు.